పాత డీజిల్ ఎస్‌యూవీ, ఏటేటా ఎమ్ఓటీ: ఐదారేళ్లు వాడాక నా రివ్యూ

యూకేలో ఈ సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొని ఐదారేళ్లవుతోంది. 65 ప్లేటు, అంటే 2015 సెప్టెంబరు నుంచి 2016 ఫిబ్రవరి లోపు రిజిస్టర్ అయిన బండి. పొగ విషయంలో యూరో 6 ప్రమాణం బండి కాబట్టి లండన్ వెళ్లినా, ఎక్కువ పొగ వదిలే బండ్ల మీద వేసే రోజుకు 12.50 పౌండ్ల యూలెజ్ ఛార్జీ బాధ లేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే రిపేర్లు ఈ సైజు బండ్లకి మామూలే. పిల్లల స్కూలు, వీకెండ్ గుడి, అమ్మానాన్న వస్తే హీత్రో నుంచి పచ్చళ్ల పెట్టెలతో సహా ఇంటికి, అన్నీ దీంట్లోనే.

ఎమ్ఓటీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందా అని ఏటా చేసే టెస్టు, దాని రికార్డు బాగానే ఉంది. దాదాపు ఏటా పాస్, ఒకసారి మాత్రం వెనక ఎడమ వైపు స్ప్రింగు విరిగి ఫెయిల్. కానీ నాతో ఎక్కువ డబ్బు పెట్టించింది ఆ స్ప్రింగు కాదు, ఏ ఎమ్ఓటీ కాగితంలోనూ కనపడని క్లచ్. పాత బండి కొనేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఇదే.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. అక్కడ సొంత కారుకి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ టెస్టు ఊసే ఉండదు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు. ఇంగ్లండ్‌లో బండికి మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా ఎమ్ఓటీ తప్పదు, కారుకి ఫీజు 54.85 పౌండ్లు మించకూడదు. చాలా గ్యారేజీలు అంతకంటే తక్కువకే చేస్తాయి, ఎందుకో కింద చెప్తాను. ఎమ్ఓటీ లేకపోతే రోడ్ ట్యాక్స్ కట్టనివ్వరు, లేకుండా నడిపితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా.

టెస్టులో చూసేవి బ్రేకులు, టైర్లు, లైట్లు, సస్పెన్షన్, తుప్పు, పొగ, సీటు బెల్టులు. వైపర్ అద్దాన్ని సరిగ్గా తుడవకపోయినా, అద్దం మీదికి నీళ్లు రాకపోయినా ఫెయిలే. టైరు అరుగుదల 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ఇక ఇంజిను లోపలి పరిస్థితి, గేర్‌బాక్సు, క్లచ్, టైమింగ్ బెల్టు? వాటి జోలికే పోరు. నా క్లచ్ జారడం మొదలైన ఏడాది కూడా బండి దర్జాగా పాస్ అయింది. టెస్టర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు, అది చూడమని అతనికి చెప్పలేదు. చివరికి క్లచ్‌ని దాని పక్కనే ఉండే ఫ్లైవీల్ చక్రంతో కలిపి మార్చాల్సి వచ్చింది, ఆ బిల్లులో ఇంకో పదేళ్ల ఎమ్ఓటీ ఫీజులు వచ్చేసేవి.

అలాగని ఎమ్ఓటీ పనికిరాదని కాదు. పాస్, ఫెయిల్ అన్న మాట వదిలేసి కింద రాసే అడ్వైజరీలు, అంటే ఫెయిల్ చేయకపోయినా ఓ కన్నేసి ఉంచమని టెస్టర్ రాసే మాటలు, చదవండి. నంబరు ప్లేటు కొడితే చాలు, ప్రభుత్వ సైటులో 2005 నుంచి జరిగిన టెస్టులన్నీ, అప్పటికి తిరిగిన మైళ్లతో సహా, ఉచితంగా కనపడతాయి. కొనే ముందు నేను ఈ బండి చరిత్ర చూస్తే ముందు కుడి వైపు ఆర్మ్ బుష్ (సస్పెన్షన్‌లో ఉండే రబ్బరు ముక్క) అరిగిందని రెండేళ్లు వరసగా ఉంది, మూడో ఏడాది లేదు. అంటే పాత ఓనరు బాగు చేయించాడు. ఒకే అడ్వైజరీ నాలుగేళ్లు కదలకుండా కూర్చుంటే ఆ ఓనరు టెస్టు రోజు తప్ప బానెట్ ఎత్తని మనిషి అని నా లెక్క, అలాంటి బండి పాసయినా నేను కొనను. ఫలానా మోడల్ ఇంత శాతం పాస్ అని చెప్పే పట్టికలు చూసి మురిసిపోయేవాళ్లకి కూడా ఇదే మాట: మీరు కొనేది మోడల్‌ని కాదు, ఒక మనిషి వాడిన ఒక బండిని.

ఇంకోటి. నా బండికి ఏటా వచ్చే ఒక అడ్వైజరీ, అడుగున ప్లాస్టిక్ కవర్లు ఉండటం వల్ల కొన్ని భాగాలు కనపడలేదు అని. టెస్టర్ ఏదీ విప్పకూడదు, అది రూలు. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ కవరు వెనక ఏం తుప్పు పడుతోందో ఎవరూ చూడరు. అందుకే సర్వీసుకి ఇచ్చినప్పుడు విప్పి చూడమని అడుగుతాను, బ్రేక్ పైపుల పైపైన తుప్పు అలాగే బయటపడింది.

డీజిల్ వాళ్లకి ముఖ్యంగా: 2018 మే నుంచి రూల్స్ బిగించారు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండి ఏ రంగు పొగ వదిలినా ఫెయిల్, ఇంజిన్ లైటు వెలుగుతున్నా ఫెయిల్. స్కూలుకీ కొట్టుకీ తప్ప తిప్పకపోతే ఆ ఫిల్టరు మూసుకుపోతుంది, మోటార్‌వే మీద అప్పుడప్పుడు ఓ అరగంట నడపాల్సిందే. మీ ప్రయాణాలన్నీ రెండు మైళ్ల లోపే అయితే అసలు డీజిల్ జోలికి పోకండి.

స్ప్రింగు ఫెయిలైనప్పుడు గ్యారేజీ వాళ్లు రెండు వైపులా మార్చాలి, బ్రేకు డిస్కులు కూడా అయిపోయాయి అన్నారు. డిస్కులకి కాగితంలో అడ్వైజరీ మాత్రమే ఉంది, కాబట్టి స్ప్రింగులు మార్పించి డిస్కులు ఆపాను. బండి అక్కడే ఉంచి బాగు చేయించి పది పని దినాల్లోపు మళ్లీ చూపిస్తే ఆ పాక్షిక టెస్టుకి డబ్బు అడగకూడదు. టెస్టు చవకగా చేసే కొన్ని చోట్ల అసలు లాభం రిపేర్లలోనే. అందుకే తర్వాత నుంచి కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) నడిపే టెస్టు సెంటరుకి వెళ్తున్నాను. వాళ్లు సొంత వ్యాన్లు, టాక్సీల కోసం పెట్టుకున్నవే అయినా మనకీ చేస్తారు, నేను వెళ్లే చోట బయటి బండ్లకి రిపేర్లు చేయరు, కాబట్టి లేని తప్పు వెతికే అవసరం వాళ్లకి లేదు. ఉన్న తప్పు మాత్రం వదలరు.

మొన్న మా బావమరిది స్లౌ నుంచి ఫోన్ చేసి, "బావా, పన్నెండు నెలల ఎమ్ఓటీ ఉందంట, కొనేయనా?" అన్నాడు. డీలరు నిన్న చేయించిన ఎమ్ఓటీకి నిన్నటి విలువే ఉంటుంది, పాత ఏళ్లవి చూడు, క్లచ్ ఎక్కువ పైకి వచ్చాక పడుతోందేమో నువ్వే నడిపి చూడు, బెల్టు ఉన్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు అడుగు అని చెప్పాను. బిల్లు లేదన్నారట, వదిలేశాడు.

నా బండిని ఇంకో రెండేళ్లు ఉంచుకుంటాను. ఈసారి టెస్టు గడువుకి దాదాపు నెల ముందే వెళ్తున్నాను, గడువు తేదీకి నెలలో ఒక రోజు తక్కువ ముందు చేయించినా పాత తేదీ మారదు, ఫెయిలైనా పార్టులు తెప్పించుకోవడానికి టైము దొరుకుతుంది. ముందు టైర్ల లోపలి అంచులు అరుగుతున్నాయి, అలైన్‌మెంట్ దానికంటే ముందే చేయించాలి.