జీఆర్86తో ఆస్టిన్ కోటా ట్రాక్: 219 డాలర్ల అలైన్‌మెంట్ మోసం, మిగతా లెక్కలు

నేనూ బావా చెరో కారులో డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళి, సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ (కోటా) రేస్ ట్రాక్‌లో శని, ఆదివారాలు కారు తిప్పుకుని రావడానికి ఒక్కో బండికి రెండు వేల డాలర్ల పైచిలుకు అయింది. ట్రాక్ ఫీజు 795 పోయిందని బాధ లేదు. రెండు రోజుల ఇన్సూరెన్స్‌కి 262 కట్టినందుకూ బాధ లేదు. బయల్దేరే ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) షాపువాడు నొక్కేసిన 219 డాలర్లే ఇంకా గొంతులో ముల్లులా ఉన్నాయి. ఆ సంగతి ముందు కక్కేస్తే గానీ మిగతా ట్రిప్ గురించి నాలుగు మంచి ముక్కలు రాయబుద్ధి కావట్లేదు.

బండి టయోటా జీఆర్86, మాన్యువల్ గేర్, 17 అంగుళాల చక్రాలు. ఈ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ముందు చక్రాలకి క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం, దాదాపు సున్నా (లోపలికి వాలితే మైనస్). అలాగే ట్రాక్ ఎక్కిస్తే ముందు టైర్ల బయటి అంచు ఒక్క వారాంతంలో గుండ్రంగా అరిగిపోతుంది, లోపలి సగం కొత్తదానిలా మిగిలిపోతుంది. క్యాంబర్ బోల్టులతో మైనస్ ఒకటిన్నర డిగ్రీ దాకా లాగొచ్చు. అంతకు మించి కావాలంటే స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్లు వేయించాలి. మేం ప్లేట్లు వేసుకుని, షాపులో కాగితం మీద రాసిచ్చిన కొలతలు ఇవి: ముందు క్యాంబర్ మైనస్ 2.9, ముందు టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా, వెనుక టో ఒక్కో చక్రానికి 0.08 డిగ్రీ లోపలికి. డ్రైవర్ సీట్లో మనిషి బరువు పెట్టి కొలవమని కూడా రాశాం. బోర్డు మీద 'పర్ఫార్మెన్స్ అలైన్‌మెంట్' అని ఉంది, నాలుగు చక్రాలకీ అని బిల్లులో ఉంది.

దారిలో వేకో దాటేసరికే స్టీరింగ్ కాస్త ఎడమకి తిప్పి పట్టుకుంటే తప్ప బండి తిన్నగా పోవట్లేదు. షాపువాడిచ్చిన ప్రింట్‌అవుట్ అప్పుడు తీరిగ్గా చూస్తే విషయం తెలిసింది. వెనుక ఎడమ టో 0.02, వెనుక కుడి టో 0.21. 'సర్దక ముందు' అన్న గడిలోనూ అవే అంకెలు, 'తర్వాత' అన్న గడిలోనూ అవే, రెండో దశాంశం దాకా. వెనుక చక్రాల జోలికే పోలేదన్నమాట. ముందు క్యాంబర్ గడి ఎర్రగా ఉంది, అది మేం కావాలని అడిగిందే. వెనుక గడులు పచ్చగా ఉన్నాయి, పచ్చగా ఉంది కదా అని వదిలేశాడు. ఆ పచ్చరంగుకి అర్థం ఫ్యాక్టరీ ఇచ్చిన వెడల్పాటి హద్దులో ఉందని మాత్రమే. ఎడమ, కుడి సమానంగా ఉన్నాయని కాదు. ట్రాక్ దగ్గర కారు ఎత్తి చూస్తే వెనుక టో సర్దే ఎక్సెంట్రిక్ బోల్టు మీద రోడ్డు తారు, దుమ్ము పొర చెక్కుచెదరకుండా ఉంది. నట్ అంచుల మీద పానా పడ్డ గీత ఒక్కటీ లేదు.

వెనుక రెండు టోల తేడాలో సగం థ్రస్ట్ యాంగిల్, అంటే వెనుక చక్రాలు బండిని తోసే దిశ ఎంత పక్కకి ఉందో చెప్పే కోణం. ఇక్కడ దాదాపు 0.1 డిగ్రీ. వెనుక ఇరుసు బండిని పక్కకి నెడుతుంది, స్టీరింగ్ వంకరగా పట్టుకుని సరిచేయాలి. ఊళ్ళో తిరిగే కారుకి ఇది చిరాకు, అంతే. కోటాలో మాత్రం బండి అపసవ్య దిశలో తిరుగుతుంది. 20 మలుపుల్లో ఒకటో మలుపు, పదకొండు, పన్నెండు, చివరి రెండు, అన్నీ ఎడమకే. బరువంతా కుడి టైర్ల మీద. టో ఎక్కువ తప్పుగా ఉన్నదీ ఆ కుడి వెనుక చక్రానికే. శనివారం మధ్యాహ్నానికి ఆ టైరు మీద అరచేత్తో అడ్డంగా రాస్తే ఒక దిశలో నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా తగిలింది. మిగతా మూడింటికీ అలా లేదు.

సరిచేసుకోవడానికి మళ్ళీ షాపుకే పోనక్కర్లేదు. నాలుగు జాక్ స్టాండ్లు, చేపల గాలం తీగ, మిల్లీమీటర్ల స్టీల్ స్కేలు, పెయింట్ మార్కర్ చాలు. సమతలంగా ఉన్న కాంక్రీటు చూసుకుని, కారుకి రెండు పక్కలా చక్రం మధ్య ఎత్తులో తీగ లాగి కట్టాలి. ముందు రెండు చక్రాల మధ్య దూరం, వెనుక రెండింటి మధ్య దూరం వేరు కాబట్టి తీగని నాలుగు చక్రాలకీ ఒకే దూరంలో పెట్టకూడదు. ముందు హబ్‌ల (చక్రాల నడిమి భాగాల) దగ్గర తీగకి ఎడమ, కుడి దూరాలు సమానం కావాలి, వెనుక హబ్‌ల దగ్గర కూడా విడిగా సమానం కావాలి. తర్వాత రిమ్ ముందు అంచు నుంచి తీగకి, వెనుక అంచు నుంచి తీగకి కొలిస్తే ఆ తేడాయే టో. 17 అంగుళాల రిమ్ మీద ఒక మిల్లీమీటరు తేడా అంటే సుమారు 0.13 డిగ్రీ. కుడివైపు ఒక మిల్లీమీటరు తగ్గించి, ఎడమవైపు అర మిల్లీమీటరు పెంచితే రెండూ 0.08 దగ్గరికి వచ్చాయి. బోల్టు కదిపే ముందు పాత స్థానం పెయింట్‌తో గుర్తు పెట్టుకోవాలి. జాక్ మీంచి దించాక బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించాలి, లేకపోతే సస్పెన్షన్ బిగుసుకుని తప్పు కొలత చూపిస్తుంది. నట్ చివరి బిగింపు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. రెండు గంటల పని, ట్రాక్ మీద తిరిగే ఒక సెషన్ పోయింది, ఆదివారం స్టీరింగ్ నిలువుగా నిలబడింది.

ఇక ప్రయాణం. హిల్స్‌బరో, వేకో, టెంపుల్ మీదుగా ఐ-35, జార్జ్‌టౌన్ దగ్గర టోల్ రోడ్డు 130 ఎక్కితే ఆస్టిన్ ట్రాఫిక్‌లో చిక్కకుండా ట్రాక్ దగ్గర్లో దిగొచ్చు. డాలస్ టోల్ ట్యాగ్ పనిచేస్తుంది. రానూపోనూ 20 డాలర్ల లోపు, ఒక్క పైసా దండగ కాదు. ట్రాక్ టైర్ల మీద వెళ్తుంటే వాన సూచన మాత్రం చూసుకోండి.

హోటల్ ఎయిర్‌పోర్ట్ పక్కన, రాత్రికి 148. రెండు రాత్రులకి 296, మీద 17 శాతం పన్ను, 346.32. అదిగాక దిగేటప్పుడు పార్కింగ్ అని 30 బిల్లులో కలిపారు. బుకింగ్‌లో ఆ మాటే లేదు. బావ కౌంటర్ దగ్గర పది నిమిషాలు వాదించాడు, మేనేజర్ సోమవారం వస్తారన్నారు. పోనీ కెమెరా కింద చోటిచ్చారా అంటే అదీ లేదు, వెనకాల చీకట్లో చెత్త డబ్బా పక్కన. ట్రైలర్‌తోనో, రిమ్ములూ టైర్లూ బయటికి కనపడేలా వేసుకునో వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్ట్ వైపు దిగకండి. బాస్ట్రాప్ వైపు దిగితే గది చవక, ట్రాక్ కూడా దూరమేం కాదు.

కోటా సంగతికొస్తే, 5.5 కిలోమీటర్ల ట్రాక్, పక్కన వెడల్పాటి తారు రనాఫ్. తప్పు చేస్తే గోడ కాకుండా ఖాళీ జాగా ఎదురవుతుంది. ఆ ధైర్యానికే 795 ఇవ్వొచ్చు. కానీ బ్రేకులకి ఇది పరీక్ష. వెనుక స్ట్రెయిట్ చివర పన్నెండో మలుపులో కారు మొత్తం వేగం చంపాలి, ల్యాప్ తర్వాత ల్యాప్. ఫ్యాక్టరీ బ్రేక్ ప్యాడ్లతో వచ్చిన వేరే జీఆర్86 వాళ్ళు రెండో సెషన్‌కే పెడల్ మెత్తబడి పిట్‌కి వచ్చేశారు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ తప్పు. పెడల్ నేలదాకా పోతే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది. డాట్ 4 అనే బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా, తేమ పట్టినది 155 దాకా తట్టుకోవాలి. మేం పోసిన ఫ్లూయిడ్ మోటుల్ ఆర్‌బీఎఫ్ 600, దాని సీసా మీద 312 అని ఉంటుంది. అర లీటరు సీసాలు రెండు, 48 డాలర్లు. పాత ఫ్లూయిడ్ పూర్తిగా పోయేదాకా నాలుగు చక్రాల దగ్గరా తీయడానికి ఆ లీటరు సరిపోతుంది. ట్రాక్ ప్యాడ్లు ముందూ వెనుకా కలిపి 310 అయ్యాయి. ముందు మాత్రమే మార్చి వెనుక పాతవి ఉంచడం నాకు నచ్చదు, బ్రేక్ బ్యాలెన్స్ ముందుకి పోతుంది. ప్యాడ్ మందం దాని వెనుక ఇనుప పలక మందం కన్నా తగ్గితే బండి ఎక్కించకండి. సెషన్ నుంచి రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేర్‌లో పెట్టి చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టాలి.

బ్రేకుల తర్వాత భయం ఆయిల్. ఈ ఎఫ్‌ఏ24 ఇంజన్‌లో పొడవైన కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతుందని ఓనర్లు గేజులు పెట్టి చూపించారు. కోటాలో 16, 17, 18 కలిసి ఒకే పొడవాటి కుడి మలుపు, సరిగ్గా ఆ జబ్బుకి తగ్గట్టు. ఆయిల్ ఫుల్ గీతకి వెంట్రుకవాసి తగ్గినా వెళ్ళకూడదు, అర క్వార్ట్ పైన పోసుకెళ్ళేవాళ్ళు చాలామంది. ఆయిల్ పక్కకి పోకుండా అడ్డుపడే బ్యాఫిల్ ప్లేట్ వేస్తే కొంత మేలు, పూర్తి మందు కాదు. పనిలో పనిగా ఇంజన్ కింది ఆయిల్ ప్యాన్ విప్పితే ఆయిల్ పీల్చే పికప్ జల్లెడ చూడండి. ఫ్యాక్టరీలో ఎక్కువైన సీలెంట్ తునకలు అందులో ఇరుక్కుని కనపడ్డ బండ్లున్నాయి. 0డబ్ల్యూ-20 ఆయిల్ బదులు కాస్త చిక్కటి 5డబ్ల్యూ-30 పోశాం. ట్రాక్ మోడ్ డిస్‌ప్లేలో ఆయిల్ వేడి కనిపిస్తుంది, 270 ఫారెన్‌హీట్ దాటితే ఒక ల్యాప్ నెమ్మదిగా తోలి చల్లార్చుకోవడమే. టెక్సస్ ఎండలో ఆయిల్ కూలర్ లేకుండా మధ్యాహ్నం సెషన్లు పూర్తిగా వాడుకోలేం. ఎగ్జాస్ట్‌కి, కారు వెనుక బిగించే రెక్కకి పెట్టే డబ్బు ముందు కూలర్‌కి పెట్టండి. రెక్క ఫోటోలో బాగుంటుంది, నిజమే.

టైర్ల గాలి ఉదయం చల్లగా 28 పీఎస్ఐతో మొదలుపెట్టి, సెషన్ నుంచి వచ్చాక 34 దగ్గర ఉండేలా తీసుకుంటూ రావాలి. బయటి వేడి పది ఫారెన్‌హీట్ పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది, అందుకే ఉదయం పెట్టిన గాలి మధ్యాహ్నానికి పనికిరాదు. ఇంటికి బయల్దేరేటప్పుడు మళ్ళీ 35 నింపుకోవాలి. చక్రం నట్లు 89 ఫుట్-పౌండ్లు, రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడు టార్క్ రెంచితో చూడాలి. పెట్రోలు సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వొద్దు, మలుపుల్లో ఇంధనం పక్కకి పోయి ఇంజన్ తడబడుతుంది. ఇరవై నిమిషాల సెషన్‌కి రెండున్నర, మూడు గ్యాలన్లు తాగింది. దారిలో తాగినదీ కలిపి 93 ఆక్టేన్‌కి 128 డాలర్లు.

బావ కారు మియాటా, ట్రాక్ ఎక్కనిచ్చే ముందు చేసే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో ఇరుక్కుంది. టాప్ లేని కారుకి రోల్‌బార్ (బోల్తాపడితే తల కాపాడే ఇనుప కమాను) ఉండాలి, ఉంది. అయితే రోల్‌బార్ పై అంచు నుంచి విండ్‌షీల్డ్ పై అంచుకి కర్ర పెడితే హెల్మెట్ దానికి రెండు అంగుళాలు కిందుండాలి. బావ ఆరడుగుల మనిషి. తనిఖీ చేసిన పెద్దాయన విసుక్కోకుండా, సీటు పట్టాల కింద వాషర్లు తీసేసి, సీటు ఫోమ్ ఒక పొర ఎలా కోయాలో చూపించి, మళ్ళీ కర్ర పెట్టి స్టిక్కర్ అంటించాడు. పైసా అడగలేదు. ఇక్కడ ఒక మాట, హెల్మెట్ కారు రేసింగ్‌కి ఇచ్చే ఎస్ఏ రేటింగ్‌ది ఉండాలి, మోటార్‌సైకిల్ ఎమ్ రేటింగ్‌ది ఒప్పుకోరు.

తిండికి పాడక్ (ట్రాక్ దగ్గర కార్లు నిలిపే చోటు) మీద ఆధారపడకండి. ఐస్ పెట్టెలో పులిహోర, పెరుగన్నం, ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకెళ్ళాం, 98 ఫారెన్‌హీట్ ఎండలో అవే నిలబెట్టాయి. శనివారం రాత్రి బావకి బిర్యానీ కావాలని పంతం. రౌండ్ రాక్ దాకా పోయి రావడం, ఇద్దరికీ 46 డాలర్లు, పన్నెండుకి పడుకోవడం. ఆదివారం మొదటి సెషన్‌లో బావ నిద్రమొహం చూసి ఇన్‌స్ట్రక్టరే రెండు ల్యాపుల ముందు పిట్‌కి రమ్మన్నాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం నేరుగా కోటాకి రాకండి. ఫోర్ట్‌వర్త్ పక్కన క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ ర్యాంచ్ ఉంది. 1.7 మైళ్ళ ట్రాక్, ఫీజు తక్కువ, బ్రేకుల మీద ఒత్తిడి తక్కువ, రాత్రికి ఇంటికొచ్చి పడుకోవచ్చు. ప్యాడ్లు, ఫ్లూయిడ్, అలైన్‌మెంట్, ఈ మూడూ అక్కడ తేల్చుకుని తర్వాత ఆస్టిన్ వెళ్ళండి.

ఇంటికొచ్చాక ఆయిల్ మార్చి ఫిల్టర్ కోసి మడతలు చూశాం, లోహపు తళుకు లేదు. బ్రేకులు మళ్ళీ ఒకసారి బ్లీడ్ చేశాం, అంటే పాత ఫ్లూయిడ్, గాలి బయటికి తీశాం. కుడి వెనుక టైరు మాత్రం అప్పటికే పోయింది, కొత్తది 187. అలైన్‌మెంట్ షాపుకి ఫోన్ చేస్తే 'స్పెక్‌లోనే ఉంది కదా సార్' అన్నాడు. ప్రింట్‌అవుట్, తారు పొరతో ఉన్న బోల్టు ఫోటో జతచేసి కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాం. ఇంకా తేలలేదు.