కర్రి చెట్ల కింద నాలుగు రోజులు: పెంబర్టన్ యాత్ర

మా నాన్నగారు ఖమ్మం జిల్లాలో పాతికేళ్ళుగా జామాయిల్ వేస్తున్నారు. నాలుగేళ్ళకు ఒక కోత, మొద్దు నుంచి వచ్చిన పిలకలను ఏరి పెంచితే మరో నాలుగేళ్ళకు ఇంకో కోత, ఆ కర్రంతా కాగితం మిల్లుకు. ఆయన దృష్టిలో యూకలిప్టస్ అంటే లైను తప్పకుండా నిలిచే ఒక పంట. కిందటి ఏప్రిల్‌లో ఆయన పెర్త్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ కుటుంబానికే చెందిన ఒక చెట్టును దాని పుట్టింట్లో, ఎవరూ నాటని చోట ఆయనకు చూపించాలనిపించింది. అందుకే పడమటి ఆస్ట్రేలియా నైరుతి మూలన ఉన్న పెంబర్టన్‌కు ప్రయాణం పెట్టుకున్నాము.

ఆ చెట్టు పేరు కర్రి. అది ఆ ప్రాంతపు మూలవాసులైన నూంగార్ ప్రజల మాట. మన భాషలో కర్రి ఆవు అంటే నల్లావు, ఈ చెట్టు మాను మాత్రం తెల్లగా మెరుస్తుంది. శాస్త్రనామం యూకలిప్టస్ డైవర్సికలర్. ఆకు పైవైపు ముదురుగా, కిందివైపు పాలిపోయి రెండు రంగుల్లో ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. మన జామాయిల్ ఈ ఖండపు తూర్పు వైపు జాతుల నుంచి వచ్చింది కాబట్టి కర్రి దానికి దూరపు చుట్టమే అవుతుంది.

పెర్త్ నుంచి పెంబర్టన్ సుమారు 330 కిలోమీటర్లు, కారులో దాదాపు నాలుగు గంటల దారి. ఊరికి పది నిమిషాల దూరంలో అడవి అంచున ఒక చెక్క కుటీరం ముందుగానే తీసుకున్నాము. ప్రకటనలో పూర్తి వంటగది అని రాసినా అక్కడ ఉన్నది ఒక్క మైక్రోవేవ్, ఒక కెటిల్ మాత్రమే. మొదటి రాత్రి వేడినీళ్ళు రాలేదు, ఐదు గంటలకే మూసేసిన ఆఫీసులో ఫోన్ ఎత్తినవారూ లేరు. డెబ్బై దాటిన మనిషిని ఆ చలిలో చన్నీళ్ళతో ఉంచవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది. మరునాడు ఊళ్ళోనే ఉన్న క్యారవాన్ పార్కులో ఒక క్యాబిన్‌కు మారాము. అది చిన్నదే అయినా పొయ్యి, గిన్నెలు, హీటరు అన్నీ సరిగ్గా పనిచేశాయి, అద్దె కూడా తక్కువే. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నా సలహా ఊళ్ళో ఉండమనే. సాయంత్రమయ్యేసరికి దుకాణాలు మూసేస్తారు, శాకాహారులకు హోటళ్ళలో దొరికేది తక్కువ, ఊరు దాటితే సెల్ సిగ్నల్ నిలవదు. రైస్ కుక్కరు, బియ్యం, పచ్చడి వెంట తీసుకెళ్ళడం వల్ల మాకు ఇబ్బంది కలగలేదు.

ఊరికి ఆనుకొని ఉన్న గ్లస్టర్ చెట్టు దగ్గరికే అందరూ ముందుగా వెళతారు. అడవి మంటలను దూరం నుంచే కనిపెట్టడానికి 1947లో దీని కొమ్మలను నరికి, మాను చుట్టూ మేకులు దిగగొట్టి, ఏభై మీటర్లకు పైన కాపలా గూడు కట్టారు. అంతకు ముందు జాక్ వాట్సన్ అనే అటవీ ఉద్యోగి నడుముకు బెల్టు కట్టుకొని, ఎక్కి దిగడానికి ఆరు గంటలు తీసుకొని, ఇది పనికొస్తుందని తేల్చాడట. మేము వెళ్ళినప్పుడు భద్రతా పరీక్షల కోసం ఎక్కడం నిలిపివేశారు. ఎక్కడమే ముఖ్యమనుకునేవారు బయలుదేరే ముందే పార్కుల శాఖ సమాచారం చూసుకోవాలి. ఎక్కలేకపోతే ఇక్కడ అరగంట చాలు.

నేను మనసారా సిఫారసు చేసేది వారెన్ నేషనల్ పార్కును. అక్కడ హార్ట్‌బ్రేక్ ట్రెయిల్ అనే 12 కిలోమీటర్ల ఒకవైపు మట్టి రోడ్డు వారెన్ నది లోయలోకి దిగుతుంది. రోడ్డు నిటారుగా, ఇరుకుగా ఉంటుంది కానీ పొడి రోజున మామూలు కారు నెమ్మదిగా వెళ్ళగలదు. ఇక్కడివి గొడ్డలి ఎరగని చెట్లు. ఎనభై మీటర్ల ఎత్తుకు చేరగల ఈ మానుల్లో సగం ఎత్తు దాటేవరకు ఒక్క కొమ్మ కూడా కనిపించదు. పడమటి ఆస్ట్రేలియాలో ఇంతకంటే ఎత్తు పెరిగే చెట్టు లేదు. ఏప్రిల్ ఇక్కడ శరదృతువు, పాత బెరడు పొరలు పొరలుగా ఊడి పడే కాలం. ఊడిన చోట మాను లేత నారింజ రంగులో, తేనె రంగులో ఉంది, ఇంకా ఊడని చోట బూడిద తెలుపులో ఉంది. నాన్నగారు ఒక మాను మీద అరచేయి ఆనించి, చల్లగా నున్నగా ఉన్న ఆ చర్మాన్ని కాసేపు నిమిరారు. ఆ తరువాత పైకి చూస్తూ, "అబ్బాయ్, దీన్ని ఎన్నేళ్ళకు కొడతారు?" అని అడిగారు. కొట్టరని, ఇది మూడు వందల ఏళ్ళ దాకా బతుకుతుందని చెప్పాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు, కారు దగ్గరికి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఈ చెట్టుకు ఇదే చోటు ఎందుకు కావాలో ఆ లోయలో నడిస్తే అర్థమవుతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన, లోతైన ఎర్రమట్టి, వానాకాలమంతా తడిసి ఉండే నేల. ఆ పక్కనే కంకర నేల మొదలైతే కర్రి ఆగిపోయి జర్రా అనే మరో యూకలిప్టస్ కనిపిస్తుంది. కర్రికి నేలలో పిలకలు వేసే దుంప ఉండదు, వంశం నిలిచేది విత్తనం మీదే. ఆ సన్నని విత్తనాలు కొమ్మల చివర కాయల్లో ఎదురుచూసి, అడవి కాలినప్పుడు చల్లారిన బూడిద మీద రాలుతాయి. పొదలు కాలి ఎండ తగిలే నేల మీద మొలకలు గుంపుగా లేస్తాయి. జామాయిల్ మొద్దును చూసి చూసి ఉన్న నాన్నగారికి ఈ సంగతే అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచింది.

క్యారవాన్ పార్కులో పక్క క్యాబిన్‌లో దిగిన ఒక ముసలి వడ్రంగి మాకు ఇంకొకటి చూపించాడు. ఒకేలా ఎర్రగా ఉన్న రెండు పుల్లలను పళ్ళెంలో పెట్టి వెలిగించాడు. ఒకటి కాలి తెల్లని బూడిదగా మిగిలింది, అది కర్రి. రెండోది నల్లని బొగ్గుగా నిలిచింది, అది జర్రా. పెంబర్టన్ ఊరు పుట్టిందే ఈ కర్ర కోత మీద. ఖండాన్ని అడ్డంగా దాటే రైలు మార్గానికి స్లీపర్లు కోయడానికి 1913 ప్రాంతంలో ఇక్కడ మిల్లులు పెట్టారు. నేలలో పాతితే కర్రికి చెద పడుతుంది కనుక, ఆ స్లీపర్లకు మందు పట్టించవలసి వచ్చేదని కూడా ఆయనే చెప్పాడు.

మూడో రోజు 120 కిలోమీటర్ల దూరంలోని వాల్పోల్ దగ్గర వ్యాలీ ఆఫ్ ది జెయింట్స్‌కు వెళ్ళాము. అక్కడ ప్రధానంగా చూసేది కర్రిని కాదు, ఎర్ర టింగిల్ అనే గరుకు బెరడు యూకలిప్టస్‌ను. 40 మీటర్ల ఎత్తుకు చేరే 600 మీటర్ల ఇనుప వంతెన మీద కొమ్మల మధ్య నడవవచ్చు. చక్రాల కుర్చీ వెళ్ళే వాలు కాబట్టి వృద్ధులకు ఇది నిజంగా అనుకూలం, సిబ్బంది మర్యాద కూడా మెచ్చదగినది. టింగిల్ వేళ్ళు లోతుకు వెళ్ళవు. ఒకప్పుడు జనం చెట్టు తొర్రలోకి కార్లు నడిపి ఫోటోలు తీసుకుంటూ నేలను అణగదొక్కడంతో, పేరుపొందిన ఒక మహావృక్షం 1990లో కూలింది. పాదాలు నేలకు తగలని ఈ బాట 1996లో వచ్చింది. టిక్కెట్టు ధర న్యాయమైనదే అని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో మార్గరెట్ రివర్ వైపు మళ్ళి, కేవ్స్ రోడ్డు మీదుగా బోరనప్ అడవిలో ఆగాము. మిగతా కర్రి అడవులకు దూరంగా, సున్నపురాయి నేల మీద ఉన్న ఒంటరి కర్రి అడవి ఇది. రోడ్డు పక్కనే ఆగి చూడవచ్చు, సమయం తక్కువున్నవారికి సులువు. నేను ఇంకా చరిత్ర చెప్పకముందే నాన్నగారు మానులను అటూ ఇటూ చూసి, "ఇవన్నీ ఒక్క ఈడువి, దీన్ని ఎప్పుడో ఒకసారి కొట్టేసి ఉంటారు" అన్నారు. ఆ మాట నిజమే. నూరేళ్ళకు ముందు ఆ అడవినంతా కలప కోసం నరికారు, ఇప్పుడు నిలిచింది తరువాత లేచిన తరం. ఎండ వాలి ఆ తెల్లని మానులు ఎర్రబడే దాకా అక్కడే ఉండి, చీకటి పడ్డాక పెర్త్ దారి పట్టాము.