ఐపీఎస్, వీఏ, ఓలెడ్: ఆటకీ పనికీ ఒకటే మానిటర్ అయితే ఏది తీసుకోవాలి?

మానిటర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేవి రెండే: ఎన్ని హెర్ట్జ్ (తెర సెకనుకి ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందో), ఎన్ని మిల్లీసెకన్లు (రంగు మారడానికి పట్టే సమయం). కానీ తెర రోజూ కంటికి ఎలా ఉంటుందో తేల్చేది లోపలున్న ప్యానెల్ రకం: టీఎన్, ఐపీఎస్, వీఏ, ఓలెడ్. ఆ సంగతేమో స్పెసిఫికేషన్ల పట్టికలో ఏ మూలనో ఉంటుంది. పగలంతా బ్రౌజరూ ఎక్సెలూ, సాయంత్రం కాసేపు ఆట అనుకునేవాళ్లకి మా సిఫార్సు ముందే చెప్పేస్తున్నాం: 27 అంగుళాల తెర, 2560×1440 రిజల్యూషన్, 144 నుంచి 180 హెర్ట్జ్ ఉన్న ఐపీఎస్. అది ఎందుకో, ఎవరికి నప్పదో చూద్దాం.

టీఎన్‌ని రెండు మాటల్లో ముగించొచ్చు. కుర్చీలో కాస్త జారి కూర్చుంటే చాలు, తెర పైభాగం నల్లబడిపోతుంది. ఒకప్పుడు వేగం కోసం దీన్ని భరించేవాళ్లు. పోటీల్లో ఆడేవాళ్ల కోసం 540 హెర్ట్జ్ టీఎన్‌లు వచ్చాయి కూడా. మామూలు వాడకానికి మాత్రం ఇప్పటి ఐపీఎస్‌ల వేగం ధారాళంగా సరిపోతుంది.

ఐపీఎస్ బలం నిలకడ. పక్క నుంచి చూసినా రంగు మారదు, అక్షరం స్పష్టంగా ఉంటుంది, వెలుతురున్న గదిలో ఏ ఇబ్బందీ ఉండదు. బలహీనత నలుపు. దీని కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుగులో ఉన్న నిష్పత్తి) సుమారు 1000:1 దగ్గరే ఆగుతుంది కాబట్టి లైటు ఆర్పిన గదిలో నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది. మూలల్లో తెల్లటి మెరుపు కూడా ఉంటుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. నల్ల తెర పెట్టి తలని అటూ ఇటూ కదపండి. తలతో పాటు మెరుపూ మారితే అది ఐపీఎస్ గ్లో, ప్యానెల్ సహజ గుణం. మార్చి ఇంకోటి తెచ్చుకున్నా అదే ఉంటుంది. ఎటు నుంచి చూసినా అంచు దగ్గర ఒకే చోట పసుపు మరకలా నిలిచి ఉంటే అది బ్యాక్‌లైట్ కారడం, ఆ ఒక్క మానిటర్ లోపం. దాన్ని వెనక్కి ఇచ్చేయాల్సిందే. గ్లో బాగా చిరాకు పెడితే మానిటర్ వెనక గోడ మీద పడేలా చిన్న లైటు పెట్టి, బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఐపీఎస్ బ్లాక్ అనే రకంలో కాంట్రాస్ట్ 2000:1, కొత్తవాటిలో 3000:1 దాకా వెళ్తుంది కానీ అది ఎక్కువగా ఆఫీసు మానిటర్లలోనే దొరుకుతుంది.

వీఏ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది మోజుపడి కొనేదీ, తర్వాత చింతించేదీ దీని గురించే. కాంట్రాస్ట్ 3000:1 నుంచి 5000:1 వరకు ఉంటుంది. చీకటి గదిలో సినిమా పెడితే ఐపీఎస్ దీని ముందు తేలిపోతుంది. చిక్కంతా చీకటి రంగులు కదిలినప్పుడే. వీఏలో విద్యుత్ లేనప్పుడు ద్రవ స్ఫటికాలు నిటారుగా నిలబడి కాంతిని ఆపేస్తాయి, అదే నలుపు. నలుపు నుంచి ముదురు బూడిద రంగుకి మారాలంటే అందే వోల్టేజీ చాలా కొద్ది. ఆ కొద్దిపాటి తోపుడుకి స్ఫటికాలు బద్ధకంగా కదులుతాయి. 144 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేముకి (ఒక్కో బొమ్మకి) ఉండే సమయం 6.9 మిల్లీసెకన్లు. ఈ మార్పుకి 30 మిల్లీసెకన్లు పడితే నాలుగు ఫ్రేముల పాటు పాత బొమ్మ కొత్తదాని మీద పాకుతూనే ఉంటుంది.

కళ్లకి అది ఇలా కనిపిస్తుంది. ఆటలో రాత్రి దృశ్యం, బూడిద రంగు గోడ ముందు నల్లటి చెట్టు మాను. కెమెరా పక్కకి తిప్పగానే మాను అంచు నుంచి సిరా ఒలికినట్టు నల్లటి చార సాగుతుంది. ఆపగానే మాయమవుతుంది. ఆటలోనే కాదు, డార్క్ మోడ్‌లో పేజీ స్క్రోల్ చేసినా ఇదే. బూడిద రంగు అక్షరాలు కదులుతున్నంత సేపూ మసకబారి ఊదా ఛాయలోకి జారతాయి. మెనూలో చీకటి ఛాయల్ని వెలిగించే బ్లాక్ ఈక్వలైజర్ లాంటిది పెంచితే చార తగ్గుతుంది. కానీ అప్పుడు నలుపు తేలిపోతుంది, అంటే వీఏ కొన్న కారణమే పోతుంది. అన్ని వీఏలూ ఇంతే అనడం అన్యాయం. 2020లో వచ్చిన శామ్‌సంగ్ ఒడిస్సీ జీ7, వీఏ కూడా చురుగ్గా ఉండగలదని చూపించింది. కాబట్టి వీఏ కొనాలనుకుంటే ఆ మోడల్‌కే కొలిచిన స్పందన సమయాల పట్టిక వెతకండి. అందులో నలుపు నుంచి మొదలయ్యే మార్పుల వరుస ఒక్కటి చూస్తే చాలు. ఇంకో మాట: ఆట వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చే వేరియబుల్ రిఫ్రెష్ రేటు ఆన్‌లో ఉన్నప్పుడు, ఫ్రేము రేటు ఎగుడుదిగుడైన చోట, ముఖ్యంగా లోడింగ్ తెరల్లో, వీఏ మినుకుమంటుంది. ఓలెడ్‌కీ ఈ గుణం ఉంది.

ఓలెడ్ ఆటకి రాజు, అందులో సందేహం లేదు. ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్ వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. మార్పుకి పట్టే సమయం మిల్లీసెకనులో చిన్న భాగమే. కానీ పనికి కూర్చున్నప్పుడు మూడు సంగతులు అడ్డొస్తాయి. మొదటిది అక్షరం. విండోస్ తన అక్షరాలని ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు గీతలు పక్కపక్కనే ఉంటాయన్న లెక్కలో నునుపు చేస్తుంది. క్యూడీ-ఓలెడ్, డబ్ల్యూఓలెడ్ అని ఓలెడ్‌లో రెండు రకాలు. చాలా క్యూడీ-ఓలెడ్‌లలో ఆ మూడూ త్రికోణంలా అమరి ఉంటాయి, ఆకుపచ్చ పైన. డబ్ల్యూఓలెడ్‌లో తెలుపు అనే నాలుగో చుక్క కూడా ఉంటుంది. అందుకే 27 అంగుళాల 1440 క్యూడీ-ఓలెడ్ మీద తెలుగు చదివితే తలకట్టు ఒక అంచున లేత ఆకుపచ్చ, ఇంకో అంచున గులాబీ ఛాయ కనిపిస్తుంది. అదే 27 లేదా 32 అంగుళాల 4కే (3840×2160) అయితే చుక్కలు చిన్నవి కాబట్టి దాదాపు తెలియదు.

రెండోది వెలుతురు. క్యూడీ-ఓలెడ్ తెర మీద బయటి వెలుతురు ప్రతిబింబాన్ని తగ్గించే ధ్రువక పొర ఉండదు కాబట్టి కిటికీ ఎదురుగా పెడితే నలుపు కాస్తా ఊదా కలిసిన బూడిద రంగవుతుంది. తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు వెలుగు చాలా మోడళ్లలో 250 నిట్ల (వెలుగు కొలత) దగ్గరే ఆగుతుంది. మూడోది అందరికీ తెలిసిన బర్న్-ఇన్, అంటే కదలని బొమ్మ తెర మీద శాశ్వతంగా మచ్చలా మిగిలిపోవడం. టాస్క్‌బార్ దాగేలా పెట్టండి, డెస్క్‌టాప్ నేపథ్యం నల్లగా ఉంచండి, 5 నిమిషాల్లో తెర ఆరేలా చూడండి. ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటుంది: దాదాపు 4 గంటల వాడకానికొకసారి, స్టాండ్‌బైలో ఉండగా, మానిటర్ తన పిక్సెళ్లని సరిచేసుకుంటుంది. రాత్రి గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటుంటే ఆ పని జరగనే జరగదు. మానిటర్‌ని దాని బటన్‌తో ఆపి, కరెంటు మాత్రం అలాగే ఉంచండి. వారంటీ కాగితంలో బర్న్-ఇన్ అనే మాట స్పష్టంగా రాసి ఉందో లేదో చూడకుండా కొనొద్దు. రోజుకి 8 గంటలు కదలని పట్టికలే చూసేవాళ్లకి, ఎంత బాగున్నా సరే, మేం ఓలెడ్ చెప్పం.

మినీ-ఎల్ఈడీ మధ్యేమార్గం. వెనక వందల జోన్లుగా లైట్లు విడివిడిగా వెలుగుతాయి, దీన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు. వెలుగు నీడల తేడాని ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ ఆటలకి బాగుంటుంది. డెస్క్‌టాప్ మీద నల్ల నేపథ్యంలో మౌసు బాణం చుట్టూ కాంతి వలయం వస్తుంది కాబట్టి పని వేళ లోకల్ డిమ్మింగ్ ఆపేయాలి. ఎల్‌సీడీ (ఓలెడ్ కాకుండా పైన చెప్పినవన్నీ) మీద డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్ర మాత్రం చూసి మురిసిపోకండి. దానికి లోకల్ డిమ్మింగ్ అక్కర్లేదు.

సైజు విషయంలో తెలుగు చదివేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. 27 అంగుళాల 1080 తెరలో అంగుళానికి దాదాపు 82 పిక్సెళ్లే. ప, ష మధ్య తేడా లోపలి ఒక చిన్న గీత, ప, ఫ మధ్య తేడా కింద ఒక చిన్న కొస. ఆ తెర మీద చిన్న సైజులో ఇవి కలిసిపోతాయి, ఒత్తులు మరకల్లా అవుతాయి. అదే సైజులో 1440 అయితే 109, 4కే అయితే 163. 1080 తప్పదనుకుంటే 24 అంగుళాలు దాటొద్దు, అక్కడ 92 వస్తాయి. 4కే అక్షరానికి అన్నిటికన్నా మేలు, కానీ గ్రాఫిక్స్ కార్డు ఫ్రేముకి 83 లక్షల పిక్సెళ్లు గీయాలి. 1440కి 37 లక్షలు చాలు.

ఇంత చూసి కొన్న మానిటర్ కూడా తరచూ 60 హెర్ట్జ్ దగ్గరే పనిచేస్తూ ఉంటుంది, యజమానికి తెలియకుండా. బిగించగానే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేటు మీరే ఎంచుకోండి. అక్కడ 144 కనిపించకపోతే ముందు కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చడం మామూలుగా జరిగే పొరపాటు. హెచ్‌డీఎంఐ 2.0 మీద 1440 రిజల్యూషన్‌కి 144 హెర్ట్జ్ వస్తుంది, 4కేకి మాత్రం 60 దగ్గర ఆగిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి.

తర్వాత ఓవర్‌డ్రైవ్, అంటే పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసే సెట్టింగ్. డబ్బా మీది 1 మిల్లీసెకను ఎల్‌సీడీల్లో సాధారణంగా దీన్ని చివరి మెట్టులో పెట్టినప్పటి మాట. ఆ మెట్టులో కదిలే వస్తువు వెనక తెల్లటి దెయ్యపు నీడ తయారవుతుంది, ఎందుకంటే పిక్సెల్ చేరాల్సిన రంగుని దాటేసి మళ్లీ వెనక్కి వస్తుంది. టెస్ట్ యూఎఫ్ఓ సైటులో కదిలే బొమ్మని చూస్తూ మెట్టు మెట్టు తగ్గించండి. చాలా ఐపీఎస్‌లకి మధ్య మెట్టే సరైనది. రంగులు మరీ గాఢంగా, ముఖాలు ఎర్రగా కనిపిస్తే రోజువారీ పనికి రంగుల్ని మామూలు ప్రమాణానికి పరిమితం చేసే ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టండి. కొన్ని మోడళ్లలో ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనివ్వదు, అది కొనకముందే కనుక్కోవాల్సిన విషయం.

వాపసు గడువు ఉండగానే ఒక సాయంత్రం కేటాయించండి. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగులు ఒక్కోటీ తెర నిండా పెట్టి ఆరిపోయిన, ఆగిపోయిన చుక్కలు వెతకండి. బూడిద మీద మరకలు తేలిగ్గా బయటపడతాయి. నలుపుని చీకట్లో, మామూలుగా కూర్చునే దూరం నుంచి, పని వేళ వాడే బ్రైట్‌నెస్‌లోనే చూడండి. నూరు శాతం పెడితే ఏ ఐపీఎస్ అయినా చెడ్డదిగానే కనిపిస్తుంది. డబ్బా, లోపలి థర్మాకోల్ ఆ గడువు దాటేదాకా పారేయొద్దు. అవి లేకుండా వెనక్కి పంపితే ప్యానెల్ దారిలోనే పగలొచ్చు.