బకెట్ ఫిట్ సీటు కవర్లు: ఇరవై ఆరు నెలల తర్వాత

ఐదు సీట్ల ఎస్‌యూవీకి కుట్టించిన బకెట్ ఫిట్ కవర్లు ఇవి, అంటే సీటు ఆకారానికి అతుక్కున్నట్టు కూర్చునేవి. పైన పీయూ లెదరెట్ (తోలులా కనిపించే కృత్రిమ పదార్థం), లోపల 6 మిల్లీమీటర్ల ఫోమ్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కుట్టుకూలి, బిగింపు అన్నీ కలిపి 9,500 రూపాయలయ్యాయి. 31 వేల కిలోమీటర్లు తిరిగాక చెబుతున్నాను: రెక్సినా, లెదరెట్టా అని బేరమాడినంతసేపు బిగించేటప్పుడు కూడా పక్కన నిలబడండి. కవరు నిలిచేదీ చెడేదీ అక్కడే.

ముందు సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులుంటే వీపు భాగానికి తలుపు వైపు అంచున చిన్న ఎయిర్‌బ్యాగ్ లేబుల్ కనిపిస్తుంది. కవరుకు సరిగ్గా ఆ చోట సన్న దారంతో వేసిన, తెగిపోయే కుట్టు ఉండాలి. బ్యాగు విచ్చుకునేది దాన్ని చీల్చుకునే. మా కవర్లలో ఆ కుట్టు బాగానే వేశారు, బిగించేటప్పుడు కుడిదీ ఎడమదీ తారుమారు చేశారు. వీపు కవర్లు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఏ సీటుకైనా ఎక్కేస్తాయి. అలా సన్న కుట్టు గేరు వైపుకి వెళ్లి, తలుపు వైపు మందపాటి నైలాన్ దారం వచ్చింది. పైకి ఒక్క ముడత కూడా లేదు. అంచు వెంట దారం మందం చూస్తేనే తేడా తెలిసింది. విప్పించి మార్పించాం. ఆ కుట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేని చోట కవర్లు కొనకండి.

ఎక్కించే ముందు కవర్లను అరగంట ఎండలో పరిస్తే మెత్తబడి బాగా సాగుతాయి. బొత్తాం నొక్కి హెడ్‌రెస్ట్ తీసి, ముందుగా వీపు కవరు తొడగాలి. దాని కింది పట్టీని సీటు సందులోంచి వెనక్కి లాగి వెల్క్రో అతికించాలి. కవరు కుట్టు గీత సీటు అసలు గాడిలో కూర్చునేదాకా అరచేత్తో నొక్కుతూ లాగాలి. గీత గాడి పక్కకు పడితే నెలలోపే అక్కడ ఉబ్బుతుంది.

సీటు కింద ఎలాస్టిక్ కొక్కేలు సీటు జరిగే పట్టాలకు గానీ, పసుపు కనెక్టరున్న వైర్లకు గానీ తగలకూడదు. మూడో రోజుకే డ్రైవర్ సీటు ముందుకు జరగడం ఆగిపోయింది. చూస్తే కొక్కెం పట్టాలో ఇరుక్కుంది. ఆ పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఊడితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, దాన్ని ఆర్పించడానికి స్కానర్ ఉన్నవాడి దగ్గరికి వెళ్లాల్సిందే.

వెనక సీటు 60:40గా మడిచేదైతే కవరు కూడా రెండు ముక్కలుగా ఉండాలి. బెల్టు బకిల్స్‌కీ, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలకీ రంధ్రాలు వదిలారో లేదో డబ్బులిచ్చే ముందే చూడండి.

రెండు వారాలకు మెటీరియల్ కొంత సాగింది. అప్పుడు ఎలాస్టిక్ మళ్లీ బిగించుకున్నాం, ఆ తర్వాత ముడత పడలేదు. అరిగింది ఒక్కచోటే: డ్రైవర్ ఎక్కి దిగేటప్పుడు తొడ రాసుకునే తలుపు వైపు గట్టు. పద్దెనిమిదో నెలకి అక్కడ పైపింగ్ (అంచు వెంట తాడులా ఉబ్బెత్తుగా కుట్టే పట్టీ) పీచులు లేచింది, లోపలి ఫోమ్ నొక్కుకుపోయింది. మళ్లీ కుట్టిస్తే పైపింగ్ వద్దని, రెండు వరసల కుట్టు వేయమని అడుగుతాను. లేత రంగు వీపు భాగానికే పరిమితం చేస్తాను, కూర్చునేచోట జీన్స్ నీలం పట్టేస్తోంది. చిల్లుల డిజైన్ వల్ల మే ఎండలో వీపు చెమట పెద్దగా తగ్గలేదు, చిల్లుల్లో దుమ్ము మాత్రం చేరింది. తడిగుడ్డ, కొంచెం షాంపూ నీళ్లు చాలు. థిన్నర్, పెట్రోలు తగిలితే పీయూ పొర లేస్తుంది.

వెంటిలేటెడ్ సీట్లకు ఈ కవర్లు వేయించకండి, గాలి వచ్చే దారి మూసుకుపోతుంది.