మల్లేశ్వరమా, జయనగరా: ఏది మేలు?

బెంగళూరులో చెట్లున్న పాత పేటలో ఇల్లు చూసుకుందామనుకునేవాళ్లకు చివరికి రెండు పేర్లు మిగులుతాయి: ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన జయనగర్. (బసవనగుడివాళ్లు ఈ మాట ఒప్పుకోరు, అది వేరే గొడవ.) చెట్లు రెండు చోట్లా ఉన్నాయి. పుట్టుక మాత్రం వేరు, అందుకే అక్కడ రోజు గడిచే తీరూ వేరు.

మల్లేశ్వరం ప్లేగు పుణ్యమా అని పెరిగిన పేట. 1898లో ఆ జబ్బు ఊరిని పట్టుకుంది. ఇరుకు వీధుల్లోంచి జనాన్ని బయటికి పంపాలని గాలీ వెలుతురూ ఉండేలా మల్లేశ్వరం, బసవనగుడి వేశారు. గీత గీసినట్టు మెయిన్లు (పొడవు రోడ్లు), క్రాసులు (వాటికి అడ్డంగా వెళ్లే వీధులు). ఇళ్ల వెనక పారిశుద్ధ్యం పనివాళ్లు వచ్చిపోవడానికి సన్నటి సందులు. స్థలాలను కులాలవారీగా కేటాయించడం కూడా ఆ ప్లానులో భాగమే. ‘ఆ రోజులే వేరు’ అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. పేటకు పేరిచ్చిన కాడు మల్లేశ్వర గుడి ఇంకా పాతది, 17వ శతాబ్దంలో శివాజీ సవతి సోదరుడు వెంకోజీ కట్టించాడంటారు.

జయనగర్‌కు 1948లో, అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. పేరు మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయర్‌ది. బ్లాకులు, వెడల్పు రోడ్లు, పార్కులు, నాలుగో బ్లాకులో షాపింగ్ కాంప్లెక్స్, అన్నీ ముందే అనుకుని వేసినవి.

నడిచి పనులు చేసుకునేవాళ్లకు నా ఓటు మల్లేశ్వరానికే. ఎనిమిదో క్రాస్‌లో పొద్దున్నే మూరల లెక్కన పూలు కొలుస్తుంటారు, పక్కనే కూరగాయలు, నాలుగడుగులేస్తే గుడి, అటు తిరిగితే సీటీఆర్ హోటల్లో వెన్న దోశ కోసం నిలబడ్డ గుంపు. పెద్దవాళ్లకు ఎవరి సాయమూ అక్కర్లేకుండా పూట గడిచిపోతుంది. కాకపోతే నేల ఎగుడుదిగుడు, వేర్లు పైకి లేపేసిన ఫుట్‌పాత్ రాళ్లు. మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోవాలి. కారుంటే ఇంకా కష్టం. సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు రెండూ వన్‌వేలే, పండగ ముందు రోజు అటు వెళ్లకపోవడమే మంచిది.

కారు, పిల్లలు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, ఈ మూడూ ఉంటే మాత్రం మారుమాట లేకుండా జయనగర్. 2017 నుంచి గ్రీన్ లైన్ మెట్రో ఉంది. 2025 ఆగస్టులో పక్కనే ఆర్‌వీ రోడ్డు నుంచి ఎల్లో లైన్ మొదలై ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా పోతోంది. మల్లేశ్వరానికి మెట్రో దక్షిణం అంచునే తగులుతుంది, పద్దెనిమిదో క్రాస్ వైపు ఉండేవాళ్లు స్టేషన్‌కు ఆటో ఎక్కాల్సిందే.

జయనగర్‌కు ఆ మెట్రో ఊరికే రాలేదు. 2009లో లైను కోసం నందా రోడ్డు, లక్ష్మణరావు పార్కుల దగ్గర చెట్లు కొట్టేస్తుంటే జనం రోడ్డెక్కారు. అయినా చాలా చెట్లు పోయాయి. మల్లేశ్వరంవాళ్లూ తక్కువ తినలేదు, 2023లో సాంకీ చెరువు పక్కన ఫ్లైఓవర్ వద్దని చిన్నాపెద్దా ప్లకార్డులు పట్టుకున్నారు. నీడ మాత్రం మల్లేశ్వరం క్రాసుల్లోనే చిక్కగా ఉంటుంది, ఎందుకంటే వీధి సన్నం, రెండు వైపుల కొమ్మలూ పైన కలుస్తాయి. పూల రంగులు చూడాలంటే ఎండాకాలం మొదట్లో జయనగర్ వెళ్లాలి, టబేబుయా చెట్లు విరగబూస్తాయి.

ధర సంగతి అడక్కండి, రెండు చోట్లా గుండె గుభేలుమంటుంది. కొనగలిగినవాళ్లు పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ వేద్దామనుకుంటే, ముందు కాంపౌండ్‌లోని చెట్టును చూడండి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టాలన్నా ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. బిల్డర్‌తో అగ్రిమెంట్ రాసుకోకముందే ఆ సంగతి తేల్చుకోండి.