రిపోర్టులో ఆ రెండు టైములు ఉన్నాయా? రెండేళ్లలో ఆరు సెమెన్ అనాలిసిస్‌ల తర్వాత

ఈ వీర్య పరీక్ష మొదటిసారి చేయించింది విజయవాడ సూర్యారావుపేటలో, మిగతా అయిదుసార్లూ పటమటలో మా ఇంటికి నాలుగు వీధుల అవతలున్న చిన్న ల్యాబ్‌లో. సూది లేదు, కోత లేదు, డబ్బాలో శాంపిల్ ఇస్తే చాలు అంటారు. ఇచ్చాక ఆ డబ్బా ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

మొదటి రిపోర్టులో ప్రోగ్రెసివ్ మోటిలిటీ, అంటే ముందుకు ఈదే వీర్యకణాలు, 12 శాతం అని వచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం కనీసం 30 ఉండాలి. ఆ రాత్రి మా ఆవిడ కంచంలో అన్నం కలిపి, తినకుండా అలాగే కూర్చుంది. మర్నాడు డాక్టరు గారు రిపోర్టు అటూ ఇటూ తిప్పి "ఎన్నింటికి తీశారు, వాళ్లు ఎన్నింటికి చూశారు?" అని అడిగారు. కాగితంలో రెండూ లేవు.

అప్పుడు కూర్చుని లెక్కేసుకున్నాను. ల్యాబ్ బాత్రూంలో నావల్ల కాక ఇంట్లోనే 8.20కి తీశాను. బెంజ్ సర్కిల్ దాటి వెళ్లేసరికి 9 అయింది. కౌంటర్లో అమ్మాయి "బిల్లు కట్టి టోకెన్ తీసుకోండి సార్" అంటూ డబ్బాని స్టీలు ట్రేలో యూరిన్ డబ్బాల పక్కన పెట్టింది, పైన ఏసీ. బిల్లు కట్టి వచ్చి చూస్తే అక్కడే ఉంది, ముప్పావు గంట తర్వాత చూసినా అక్కడే ఉంది, సిగ్గుతో నోరు మెదపలేకపోయాను. తీసిన గంటలోపు చూడాలని, చల్లబడితే కదలిక తగ్గిపోతుందని అప్పటికి నాకు తెలియదు.

పటమట ల్యాబ్‌లో డబ్బా అందుకోగానే మూడు విషయాలు చేత్తో రాశారు: అంతకుముందు వీర్యం పోయి ఎన్ని రోజులైంది, తీసిన టైము, చూడటం మొదలుపెట్టిన టైము. కొంచెమైనా కింద పోయిందా అని కూడా అడిగారు, ఎందుకంటే మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువట. 7.05కి తీసింది 7.40కి చూశారు, 34 శాతం వచ్చింది. ఒకే మనిషికి ఒకసారికీ ఇంకోసారికీ తేడా ఉంటుంది కాబట్టి మొత్తం ఏసీ తప్పే అనను, కానీ ఆ రెండు టైములు చూసి ఈ అంకెని నమ్మగలిగాను. రోడ్డు పక్కన బండి ఆపి ఆవిడకి ఫోన్ చేశాను, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఊపులో తెలిసినవాళ్లందరికీ ఈ ల్యాబ్‌కే వెళ్లమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నాలుగోసారి ఆదివారం వేరే టెక్నీషియన్ చూశాడు, అంతకుముందు 5 శాతం ఉన్న మార్ఫాలజీ, అంటే సరైన ఆకారంలో ఉన్న కణాలు, 2 అని రాశాడు. ఈ లెక్క చూసే కంటిని బట్టి మారుతుందని డాక్టరు గారు సర్దిచెప్పారు. అయిదోసారి కౌంట్, అంటే కణాల సంఖ్య, మిల్లీలీటరుకి 9 మిలియన్లే వచ్చింది, ఉండాల్సింది 16. దానికి రెండు నెలల ముందే నాకు డెంగీ వచ్చి తగ్గింది. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, జ్వరం దెబ్బ అన్నాళ్లూ కనిపిస్తుంది. మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తే 24 వచ్చింది. ఈమధ్య జ్వరం వచ్చిందా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ మూడు నెలల టెన్షన్ ఉండేది కాదు. వాళ్ల ఫారంలో ఆ గడి ఇప్పటికీ లేదు.

నా సమస్య చిన్నది, ల్యాబ్ నడిచి వెళ్లేంత దగ్గర, అందుకే ఇంట్లో తీసి తీసుకెళ్లడం నాకు కుదిరింది. కౌంట్ సున్నా వచ్చినవాళ్ల దారి వేరు, వాళ్లకి శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్ చేసి, అంటే మెషీన్‌లో వేగంగా తిప్పి కణాలు అడుగుకి చేరాక, వెతకాలి, హార్మోన్ పరీక్షలకి రక్తం ఇవ్వాలి, అక్కడ నా అనుభవం పనికిరాదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లయితే గడియ పెట్టుకునే విడి గది ఉన్న ల్యాబ్ వెతుక్కుని అక్కడే ఇవ్వడం నయం. నాకైతే అలాంటి గది దొరకలేదు.