పూల అంగడికి అప్పు: రోజు వసూలా, యాపా, బ్యాంకా?

మా అక్క తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు అమ్ముతుంది. తెల్లవారకముందే మల్లెలు, చామంతులు కొనాలి, రాత్రిలోగా అమ్ముకోవాలి. మిగిలినవి వాడిపోతాయి. పెట్టుబడి తక్కువపడిన ప్రతిసారీ ఆమె వెళ్లేది డైలీ ఫైనాన్స్ దగ్గరికే.

అందులో సుఖం లేదని అనను. కాగితాలు అడగరు, అడిగిన పూటే డబ్బు చేతికొస్తుంది. 10,000 అప్పు రాసుకుని 9,000 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం మనిషి వచ్చి కార్డులో ఒక గడి నింపి వెళ్తాడు. "వందే కదా తమ్ముడూ, పూలమ్మితే వచ్చేస్తుంది" అంటుంది అక్క. రోజు సంపాదనకు రోజు వాయిదా బాగా అతుకుతుంది, నిజమే. కానీ అసలు రోజురోజుకూ తరిగిపోతున్నా, వడ్డీ వెయ్యి ముందే పోయింది. లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది.

బ్యాంకు సంగతి చూద్దాం. వీధి వ్యాపారులకు 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అప్పు పథకం పీఎం స్వనిధిలో పూచీకత్తు అక్కర్లేదు. తొలి విడత మొదట్లో 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు. తీరిస్తే 25,000, ఆపైన 50,000. వడ్డీ 12 శాతం అనుకున్నా, 15,000ను 12 నెలల్లో తీరిస్తే మొత్తం వడ్డీ వెయ్యి లోపే. అక్క 9,000 మీద వంద రోజులకు పోగొట్టుకున్నదీ ఆ వెయ్యే! నెలకు కట్టాల్సింది 1,330 దాకా, అంటే రోజుకు 45 పక్కన పెడితే చాలు. ఇబ్బంది ఆలస్యంలో ఉంది. నగరపాలక సంస్థ ఇచ్చే గుర్తింపు, ఆధార్, బ్యాంకు చుట్టూ తిరుగుళ్లు. ఒక పూట అంగడి మూస్తే ఆ పూట పూలు పోయినట్టే. అందుకే బ్రహ్మోత్సవాలకు డబ్బు కావాలంటే రెండు మూడు నెలల ముందే అడగాలి.

ఇక యాప్. డబ్బు నిమిషాల్లో పడుతుంది, మోసమూ అంతే వేగంగా జరుగుతుంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అప్పు బ్యాంకు నుంచో ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) నుంచో నేరుగా మన ఖాతాలోకే రావాలి. మొత్తం ఖర్చును ఏడాది శాతంగా చూపే వివరపత్రం ముందే ఇవ్వాలి. మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చేందుకు కనీసం ఒక రోజు గడువుండాలి. ఫోనులోని పరిచయాల జాబితా అడగకూడదు. అడిగిందంటే ఆ యాప్‌ను వెంటనే తీసేయండి. నా మాటకు వస్తే, నియమాలన్నీ పాటించే యాప్ కూడా బ్యాంకు తరువాతే.

బ్యాంకుకు వెళ్దామని అక్కను ఒప్పించాక అసలు చిక్కు బయటపడింది. అంగడిలో అంటించిన క్యూఆర్ కోడు మేనల్లుడి పేరిట ఉంది. రోజూ వచ్చే ఫోన్‌పే డబ్బంతా వాడి ఖాతాలో పడుతోంది. అక్క పాసుపుస్తకం చూస్తే ఆమెకు వ్యాపారమే లేదనిపిస్తుంది. మేనేజరు నమ్మాలన్నా, రేపు పెద్ద అప్పు అడగాలన్నా ఆ రాబడి ఆమె ఖాతాలో కనబడాలి.

ఈ వారమే స్టిక్కరు మార్చాం. పాత కార్డులో ఇంకా 38 గళ్లు నింపాల్సి ఉంది.